నాన్న కోసం కొన్న అక్వేరియంలో చేపలు చచ్చిపోతున్నాయి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. నాన్న రిటైర్డ్ టీచర్, నాగావళి ఒడ్డున పల్లెలో పెరిగిన మనిషి, ఇప్పుడు ఇంట్లో ఒక్కరే. నేను విశాఖలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వస్తుంటాను. కాలక్షేపంగా ఉంటుందని రెండడుగుల అక్వేరియం కొని రంగురాళ్లు, కోట బొమ్మ, రంగులు మారే లైటు, ఆరు గోల్డ్ ఫిష్ పెట్టించాను. నాలుగు చచ్చిపోయాయి. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి శుభ్రంగా కడుగుతున్నాం, రాత్రి శబ్దం వస్తోందని నాన్న ఫిల్టర్ ఆపేస్తున్నారు. పిన్ని అరిష్టం అంటోంది. నాన్నేమో "ఈ ఇంట్లో ఇంకో చావు చూడలేను, తీసుకుపో" అంటున్నారు. తీసేస్తే మళ్లీ గోడకేసి చూస్తూ కూర్చుంటారేమోనని భయం.

జవాబు: అరిష్టం ఏమీ లేదండి, మీ నాన్నగారి చేతిలో దోషమూ లేదు. ఇది మీరు ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఫోన్లో కాదు. భార్యను దక్కించుకోలేకపోయానని లోపల కుమిలిపోతున్న మనిషికి పొద్దున్నే లేచేసరికి తేలిపోయిన చేప కనిపిస్తే అది కూడా తన వల్లే అనిపిస్తుంది. అందుకే అసలు కారణం ఆయనకు తెలియడం చాలా అవసరం, పైగా ఆయన టీచరు, వివరంగా చెబితే ఇట్టే పట్టుకుంటారు.

చేపల మలం, తినగా మిగిలిన మేత నీళ్లలో కుళ్లి అమ్మోనియా అవుతుంది, అది చేపలకు విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేది బ్యాక్టీరియా. అది ఫిల్టర్ స్పాంజిని, ఇసుకను, రాళ్లను పట్టుకుని పెరుగుతుంది, కొత్త ట్యాంకులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు మొదటిరోజే ఆరు చేపలు వేశారు, అవీ గోల్డ్ ఫిష్, షాపులో వేలంత ఉన్నా జానెడు దాకా పెరిగేవి, మలం కూడా ఎక్కువ. వాటికి ఆ ట్యాంకు చాలదు. ఇక వారం వారం క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో అన్నీ తోమి కడగడం, రాత్రంతా ఫిల్టర్ ఆపడం వల్ల పుట్టిన కాస్త బ్యాక్టీరియా కూడా చాలావరకు చచ్చిపోయింది. శుభ్రం చేస్తున్నాం అనుకుంటూ చేసిన పని అది. ఎవరి తప్పూ లేదు, ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇప్పుడు మీ సంగతి. ఆ ట్యాంకు కొనేటప్పుడు ఆయన్ని ఒక్కమాట అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన ఒంటరిగా ఉన్నారన్న టెన్షన్ మీది, అది తగ్గడానికి మీకు నచ్చింది కొనుక్కొచ్చి ఆయన హాల్లో పెట్టారు. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ ఏరు చూస్తూ పెరిగిన మనిషికి ఆ కోట బొమ్మలో, ఎరుపూ నీలమూ మారే లైటులో చూడ్డానికి ఏముంటుంది? ఈ ఆదివారం వెళ్లినప్పుడు ట్యాంకు తీసేద్దామా వద్దా అనే మాట ఎత్తకండి. చిన్నప్పుడు నాగావళిలో ఏ చేపలు కనిపించేవి, గట్టు పక్కన నీళ్లు ఎలా ఉండేవి, తుండుగుడ్డతో పరిగెలు పట్టారా, అవి అడగండి. చెప్పనివ్వండి. మధ్యలో అమ్మ ప్రస్తావన వచ్చి ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే మాట మార్చకండి. ఆ తర్వాత "ఇలాంటి ఏటి ఒడ్డు ఇందులో చేద్దామా?" అని అడిగి చూడండి. వద్దంటే వద్దే, బలవంతం పెట్టకండి.

సరే అంటే, రంగురాళ్లు, కోట, ఆ లైటు తీసేయండి. అడుగున బాగా కడిగిన ఏటి ఇసుక వేయండి, కళింగపట్నం బీచ్ ఇసుక వద్దు, అందులో గవ్వల ముక్కలుండి, వాటి సున్నం కరిగి నీళ్లు కఠిన జలం అవుతాయి. గుండ్రటి ఏటిరాళ్లు రెండు మూడు చాలు, నిమ్మరసం చుక్క వేస్తే నురగ వచ్చే రాయిని పక్కన పెట్టేయండి. బాగా ఎండిన జామకొమ్మ ఉడకబెట్టి మధ్యలో కాకుండా ఒక పక్కకి వాల్చండి, నీళ్లు కాస్త టీ రంగులోకి వస్తే కంగారు పడకండి. ఎండి రాలిన బాదం ఆకులు కడిగి ఒకటో రెండో వేస్తే అడుగు నిజం ఏరులాగే కనిపిస్తుంది. వెనక, మూలల్లో వాలిస్నేరియా లాంటి పొడుగు మొక్కలు, ముందంతా ఖాళీ, వెనక అద్దానికి నల్ల కాగితం. లైటు రోజుకి ఏడెనిమిది గంటలు చాలు. చేపలకు కనురెప్పలు ఉండవు, రాత్రి చీకటి కావాలి.

దాక్కునే చోటు ఇస్తే చేపలు కనపడవేమో అనుకుంటారు చాలామంది, జరిగేది తిరగబడి ఉంటుంది. పారిపోవడానికి చోటుందని తెలిసిన చేపే ధైర్యంగా ముందుకొచ్చి తిరుగుతుంది, బోసిగా ఉన్న ట్యాంకులో మూలకి నక్కి ఉంటుంది.

పాత ఫిల్టర్ స్పాంజి మాత్రం కడక్కుండా ఇందులోనే పెట్టండి, అందులో మిగిలిన బ్యాక్టీరియా పనికొస్తుంది. శబ్దమే ఇబ్బందైతే ఫిల్టర్‌ని నడిపే ఎయిర్ పంపు కింద మందపాటి స్పాంజి ముక్క వేయండి, ఆపడం మాత్రం వద్దు. మొదటి నెల చేపలు లేకుండానే రోజు విడిచి రోజు చిటికెడు మేత వేస్తూ (అది కుళ్లి వచ్చే అమ్మోనియాతోనే బ్యాక్టీరియా పెరుగుతుంది), నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ చూసి పుస్తకంలో రాయమని నాన్నగారికి అప్పగించండి. ముందు పెరిగి, తర్వాత రెండూ సున్నాకి దిగి నిలబడ్డాకే చేపలు. ఆ నెల రోజుల్లో చచ్చేది ఏదీ ఉండదు, ఆయనకి రోజూ ఒక చిన్న పని మాత్రం ఉంటుంది, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

చేపలు ఒకే రకం చాలు. జీబ్రా డానియోలు ఎనిమిది తెచ్చుకోండి, రెండు విడతలుగా. మన దేశపు వాగుల్లో, వరిమళ్లలో బతికే చేపలే, రెండంగుళాలు దాటవు, గుంపుగా తిరుగుతాయి. ఏట్లోంచి పట్టి తేవద్దు, రోగాలు వస్తాయి. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది, ముందురోజు బకెట్లో పట్టి ఉంచినవి అయితే మంచిది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ఇంకొకటి. ట్యాంకు మీ బదులు కాదు. ఆదివారం వెళ్లి ఫోన్ చూసుకుంటూ కూర్చోకుండా ఆ నీళ్లు మార్చే పని ఇద్దరూ కలిసి చేయండి. ఆయన సరిగా తినకపోయినా, నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న మాట వచ్చినా చేపల మీద భారం వేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మిగిలిన రెండు గోల్డ్ ఫిష్‌ని పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో, షాపుకో ఇచ్చేయండి. పాపం అని నాగావళిలో వదలొద్దు, పరాయి చేపలు మన ఏటికి చేటు. అప్పటిదాకా మేత సగం చేసి, రోజూ కొంచెం నీళ్లు తీసి, ముందురోజు పట్టి ఉంచినవి పోస్తూ ఉండండి, ఫిల్టర్ ఈ రాత్రి నుంచే ఆపకండి.