శనైశ్చరుడా, శనీశ్వరుడా?

బొబ్బిలి దగ్గర ప్రైమరీ స్కూల్ టీచరమ్మ ఒకరు అడిగారు: "మాస్టారూ, పిల్లలకి గ్రహాల పాఠం చెప్తున్నాను. శని అనగానే క్లాసంతా నవ్వుతున్నారు, కొందరైతే భయపడుతున్నారు. శని అనాలా, శనీశ్వరుడు అనాలా, గొడవెందుకని శాటర్న్ అనేసి ఊరుకోవాలా? ఇంకోటి, నవగ్రహాలు తొమ్మిదైతే పుస్తకంలో ఎనిమిదే ఉన్నాయేటి అంటున్నారు, ఏటి చెప్పమంటారు?"

అమ్మా, శాటర్న్ అని మాత్రం ఊరుకోకండి, సగం పాఠం మన పేరులోనే ఉంది. అసలు పేరు శనైశ్చరుడు. శనైః అంటే మెల్లగా, చరుడు అంటే తిరిగేవాడు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో "సౌరి శనైశ్చరౌ" అనే ఉంది, మన ఇళ్లల్లో చదివే నవగ్రహ స్తోత్రంలో కూడా "తం నమామి శనైశ్చరం" అనే ఉంది, అయినా పుస్తకం మూసేసరికి అందరి నోటా శనీశ్వరుడే, ఏం చెయ్యాలి!

ఎంత మెల్లగానో పిల్లలకి లెక్క కట్టించండి. సూర్యుడి చుట్టూ తిరగడానికి బుధుడికి 88 రోజులు, గురుడికి సుమారు 12 ఏళ్లు, శనికి దాదాపు 29న్నర ఏళ్లు. మీ క్లాసులో తొమ్మిదేళ్ల పిల్లాడు పుట్టిన దగ్గర్నుంచి శని మూడోవంతు చుట్టు కూడా పూర్తి చెయ్యలేదన్నమాట. దూరం ఎక్కువ కాబట్టి దారీ పొడుగే, నడకా నెమ్మదే, భూమి సెకనుకి దాదాపు 30 కిలోమీటర్లు పోతుంటే శని 10 కూడా పోడు. ఆ 29న్నరని 12 రాశులకి పంచితే రాశికి దాదాపు రెండున్నర ఏళ్లు, మూడు రాశులకి ఏడున్నర, ఏల్నాటి శని లెక్క ఇదేనండి. మామూలు కంటికి కనపడే గ్రహాల్లో అందరికన్నా నిదానం ఇతనే అని ఏళ్ల తరబడి ఆకాశం చూసి పట్టుకున్న మహానుభావులు పెట్టిన పేరది. మందుడు అన్నా ఇదే అర్థం, మందపల్లి గుడిలో ఉన్న మందేశ్వరుడి పేరులో ఉన్నది ఆ మందుడే.

అలాంటి పేరుని మనం తిట్టు చేసేశాం. బస్సు తప్పినా శని, ఫోన్ పగిలినా శని, పొద్దున్నే టీవీ పెడితే అదే భయం, పిల్లలు జడుసుకోరా మరి? సౌరి అంటే సూర్యుడి కొడుకు. అరసవల్లిలో క్యూలో నిలబడి తండ్రికి దణ్ణం పెట్టి ఇంటికొచ్చి కొడుకు పేరుతో తిట్టుకోవడం నాకైతే నచ్చదు.

క్లాసులో శని గ్రహం అనండి, చాలు, పూర్తి పేరు కావాలంటే శనైశ్చరుడు. శనీశ్వరుడు తప్పా అంటే, జనం ఇన్నాళ్లు భక్తితో ఈశ్వరుణ్ణి చేర్చుకున్న మాట, పూజలో అంటే నేను దిద్దను, పరీక్ష పేపర్లో రాస్తే మాత్రం చిన్న గీత పెడతాను. మిగతా గ్రహాల పేర్లూ ఇలాగే విప్పి చెప్పొచ్చు, అంగారకుడు అంటే నిప్పుకణిక, ఎర్రగా ఉంటాడు కాబట్టి. మిగతావి తేలికే.

ఇక తొమ్మిదీ ఎనిమిదీ గొడవ. గ్రహ్ అంటే పట్టుకోవడం, మనల్ని పట్టేవన్నీ పాతవాళ్లకి గ్రహాలే, అందుకే సూర్యుడు, చంద్రుడు, రాహుకేతువులు అందులో ఉన్నారు, మనం నిలబడ్డ భూమి లేదు. సైన్సులో సూర్యుడి చుట్టూ తిరిగేవే గ్రహాలు, 2006లో ప్లూటోని మరుగుజ్జు గ్రహాల్లో వేశాక ఎనిమిదే మిగిలాయి. రెండు జాబితాలూ బోర్డు మీద పక్కపక్కన రాయించండి, రెండిట్లోనూ ఉన్న అయిదూ పిల్లలే పట్టేస్తారు.