ఒకే భుజానికి బ్యాగు, సాయంత్రానికి మెడనొప్పి: సమాధానం
ల్యాప్‌టాప్ బ్యాగును రోజూ కుడి భుజానికే తగిలించుకోవడం వల్ల సాయంత్రానికి మెడ పట్టేస్తోందని మీరు రాశారు. పట్టీ జారిపోకుండా మనకు తెలియకుండానే ఆ భుజాన్ని చెవి వైపు ఎత్తిపట్టి, నడుమును రెండో పక్కకు వంచుతాం కనుక, మెడ నుంచి భుజం దాకా ఉండే ట్రెపీజియస్ కండరం మోసినంతసేపూ బిగుసుకునే ఉంటుంది.

వెడల్పాటి మెత్తని పట్టీలున్న బ్యాక్‌ప్యాక్‌కు మారి, రెండు పట్టీలూ వేసుకుని, అడుగుభాగం నడుము కిందికి వేలాడకుండా బిగించి, ల్యాప్‌టాప్‌ను వీపుకు ఆనుకునే అరలో పెట్టండి. పాత బ్యాగే తప్పనిసరైతే పట్టీని ఛాతీ మీదుగా ఏటవాలుగా వేసుకుని, తరచూ భుజం మార్చండి. అయితే నా దృష్టిలో బరువు తగ్గించడమే అసలైన మందు. లీటరు నీళ్ల సీసాయే కిలో తూగుతుంది కదా! చేతిలో తిమ్మిరి గానీ, పట్టు తగ్గడం గానీ ఉంటే మాత్రం దయచేసి ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.