ఉచిత బియ్యం మానేసి కూరగాయలు పండించుకోమంటే సరిపోతుందా?

"ఉచిత బియ్యం జనాన్ని సోమరుల్ని చేస్తోంది కదా? ఆ డబ్బుతో విత్తనాలు పంచి, ఎవరి కూరగాయలు వాళ్లే పండించుకోమంటే అందరూ సొంత కాళ్లమీద నిలబడరా?" అని ఒకరు నన్ను అడిగారు.

నేను రేషన్ బియ్యం తిని పెరిగినదాన్ని. ఉండేది తిరుపతిలో. మొక్కలు పెంచడమంటే ప్రాణం. ఈ రెండింటినీ ఒకదానికొకటి పోటీగా ఎందుకు నిలబెడతారో నాకు అర్థం కాదు. బియ్యం ఆపేస్తే తోటలు పుట్టుకురావు. ఇంట్లో బియ్యం సంచి ఉన్నప్పుడే మనిషికి విత్తనం వేసే ధైర్యం వస్తుంది. ఇది మా ఇంట్లో జరిగిందే చెబుతున్నాను.

2020 మార్చి 20న కరోనా వల్ల తిరుమల కొండమీద దర్శనాలు ఆపేశారు. అప్పుడు మా పరిస్థితి ఏమిటో తిరుపతివాళ్లకే తెలుస్తుంది. ఈ ఊళ్లో ఆటోవాళ్లు, లాడ్జీల్లో పనిచేసే పిల్లలు, పూలమ్మేవాళ్లు, టిఫిన్ బండ్లవాళ్లు అందరూ యాత్రికుల మీదే బతుకుతారు. మా ఆయన అద్దె కారు డ్రైవరు. యాత్రికుల్ని తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, కాణిపాకం తిప్పి తీసుకొస్తాడు. ఎదురింటి అక్కవాళ్లాయన కల్యాణకట్టలో తలనీలాలు తీసేవాడు. జూన్ 11న భక్తుల్ని మళ్లీ అనుమతించేదాకా జీవకోనలో మా వీధిలో చాలా ఇళ్లకు రూపాయి రాబడి లేదు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పెళ్లిళ్లే లేనప్పుడు జాకెట్లు ఎవరు కుట్టించుకుంటారు?

ఆ నెలల్లో రేషన్ స్టోరు బియ్యం రెండు విడతలుగా ఉచితంగా వచ్చాయి. వాటితోపాటు కిలో కందిబేడలో (కందిపప్పు), శెనగలో ఇచ్చేవాళ్లు. అన్నానికి టెన్షన్ తీరింది. అది తీరాకే మా అత్త చూపు పక్కనున్న ఖాళీ ప్లాటు మీద పడింది.

ఎవరో బెంగళూరులో ఉండేవాళ్ల స్థలం అది. నిండా ముళ్లకంప, ప్లాస్టిక్ కవర్లు, పగిలిన సీసాలు. మా అత్తది పాకాల పక్కన పల్లె. తెల్లారకముందే లేచి కొడవలి, గడ్డపార తీసుకుని బయలుదేరింది. "ఏమ్మే, బియ్యముండాయి గదా, ఇంక కూరాకు కోసం ఎవురి మొగమో చూసేదేంది, రా" అని నన్నూ లాక్కుపోయింది. ఆమె దగ్గర ఎండిన సొరబుర్ర ఒకటి ఉంటుంది. మూతికి గుడ్డ కట్టి, లోపల బూడిద కలిపిన విత్తనాలు దాచుకుంటుంది. ఊరికి పోయినప్పుడల్లా పాతవి తీసేసి కొత్తవి నింపుకుని వస్తుంది. చిర్రాకు, గోంగూర, అలసంద, సొర, అనప. చిర్రాకు అంటే మీ వైపు తోటకూరే, అనప అంటే అనుములు.

ఆమె చిర్రాకు చల్లిన తీరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆ విత్తనం ఆవగింజలో సగం కూడా ఉండదు. ఊరికే చల్లితే ఒకేచోట కుప్పగా పడి, మొలకలు ఒకదాన్నొకటి ఎదగనివ్వవు. అందుకని గుప్పెడు విత్తనానికి నాలుగు గుప్పెళ్ల ఇసుక కలిపింది. నడుం వంచి, వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ వెనక్కి వెనక్కి నడిచింది. మట్టి కప్పడానికి పార పట్టనివ్వలేదు, లోతుకు పోతే మొలవదట. చీపురుతో పైపైన ఊడ్చి వదిలేసింది. చెంబుతో నీళ్లు పోయబోతే కూడా అరిచింది. బకెట్లో చెయ్యి ముంచి చిలకరించాలి, లేకపోతే విత్తనమంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది. కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది కాబట్టి తోటకు మిగిలేవి బియ్యం కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లే. ఏప్రిల్ ఎండకు మొలకలు వాడకుండా కొబ్బరిమట్టలు అడ్డంగా పరిచాం.

నెల తిరిగేసరికి ఆకు కోతకొచ్చింది. వేళ్లతో పీకకుండా జానెడు పైన తుంచితే పక్కకొమ్మలు లేచి మళ్లీ మళ్లీ వస్తుంది. కందిబేడల్లో వేసి, తెల్లగడ్డ, ఎండుమిరపకాయలు కలిపి పప్పుగుత్తితో ఎనిపితే పిల్లలు మారు అడిగి తిన్నారు. అలసంద తీగకు పేనుబంక పడితే, పొద్దున్నే ఆకుల మీద మంచు ఆరకముందు పొయ్యి బూడిద చల్లింది. మందు కొనలేదు. తర్వాత సొరకాయలు మొదలయ్యాయి, మేం తినగలిగినదానికంటే ఎక్కువ కాశాయి. ఎదురింటి అక్కకు ఇస్తే ఆమె చింతపండు ఇచ్చింది. వీధి చివరివాళ్లు పాలు పోశారు.

ఈ పని చేసింది ఉచిత బియ్యం తింటున్న ఇల్లు. బియ్యం లేకపోయుంటే ఆ నెల మా ఆయన అప్పు కోసం గడపగడపకూ తిరిగేవాడు, మా అత్త ఎవరింట్లోనైనా అంట్లు తోమడానికి పోయేది. విత్తనం వేసి పంటకోసం ఆగాలంటే, ఆగినన్నాళ్లూ తినడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి. సొంత కాళ్లమీద నిలబడమని చెప్పేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించరు.

లెక్క వేసి చూడండి. మనిషికి నెలకు 5 కిలోలు, నలుగురున్న ఇంటికి 20 కిలోలు, ఏడాదికి 240 కిలోలు. మంచి మాగాణిలో ఎకరాకు 75 కిలోల బస్తాలు 25 పండితే, మర పట్టించాక ఇంచుమించు 1,200 కిలోల బియ్యం చేతికొస్తాయి. అంటే సెంటుకు 12 కిలోలు. ఒక ఇంటి రేషన్‌కు సరిపడా బియ్యం పండాలంటే 20 సెంట్ల మాగాణి, దానికి నీళ్లు కావాలి. పట్నంలో పేదలకు 2020లో పంచిన ఇంటి పట్టానే సెంటు. అందులో ఇల్లు కట్టుకున్నాక కరివేపాకు మొక్కకు కూడా చోటుండదు. ఇంటి తోట కూరగాయలకు పనికొస్తుంది, అన్నానికి పనికిరాదు. ఈ తేడా తెలియనివాళ్లే బియ్యం ఆపేయమంటారు.

మా అత్తకు పాకాల దగ్గర చేను ఉంది. వాన మీద ఆధారపడిన చెనిక్కాయ (వేరుశనగ) చేను. బోరు ఎండిపోయింది. సొంత భూమి ఉన్న రైతులే మా జిల్లాలో స్టోరు ముందు లైన్లో నిలబడతారు, ఎందుకంటే మెట్టచేలో వరి పండదు. ఆమె చిన్నప్పుడు వరికూడు పండగనాడే. మిగతా రోజుల్లో సంగటి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక రోజూ అన్నం చూశామని చెబుతుంది. 2011లో అప్పటి ముఖ్యమంత్రి, మా పాత చిత్తూరు జిల్లావాడే కిరణ్‌కుమార్ రెడ్డి రూపాయికి తెచ్చాడు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది, 2023 జనవరి నుంచి కేంద్రం పూర్తిగా ఉచితం చేసింది. ఇన్నేళ్లలో జనం పని మానేసి పడుకున్నారా? పొద్దున్నే మా ఊరి సెంటర్లకు వచ్చి చూడండి, క్యారియర్లు పట్టుకుని కూలిపనికి ఎదురుచూసేవాళ్లు ఎంతమంది ఉంటారో. బియ్యం తిని సోమరి అయిన మనిషి నాకైతే ఇంతవరకు ఒక్కడూ కనబడలేదు.

ఇంకో మాట. కొండమీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కోటీశ్వరుడూ కూర్చుంటాడు, కూలివాడూ కూర్చుంటాడు. 1985 నుంచి జరుగుతున్న ఉచిత అన్నదానం అది. అక్కడ తిని లేచినవాణ్ణి ఎవరూ సోమరి అనరు, కళ్లకద్దుకుని తినమంటారు. అదే మనిషి కిందికొచ్చి స్టోరు ముందు సంచి పట్టుకుని నిలబడితే మాటలు మొదలవుతాయి. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

కూరగాయలు ముఖ్యం కాదని నేను అనడంలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. నలుగురికి కిలోన్నర పైనే. ఎవరు కొనగలరు? మదనపల్లె టమాటా మార్కెట్ పక్కనే పెట్టుకుని, 2023 జూలైలో మేం కిలో 150కి పైన పెట్టి కొన్నాం. అదే టమాటాను ఇంకో నెలలో ధర లేక రైతులు రోడ్డుమీద పారబోస్తారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆడవాళ్లు సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఆకుకూర ఇంట్లో ఉంటే ఎంత మేలో నాకు తెలుసు. కాబట్టి విత్తనాలు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, బియ్యంతోపాటు ఇవ్వండి. రక్తహీనత కోసమే స్టోరు బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. వాటిని ప్లాస్టిక్ బియ్యమని ఫోన్లో వీడియోలు పంపేవాళ్లు దయచేసి ఆపండి. మా వీధిలో ఒక గర్భిణి భయపడి వాటిని ఏరి పారేసింది.

అసలు అవమానం జరిగేది వేలిముద్ర దగ్గర. మా అత్తది వేరే కార్డు, ఒక్కతే మనిషి. ఒకసారి స్టోరుకు పోతే మిషన్ ఆమె వేలు తీసుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు, రెండు చేతులవీ పెట్టింది. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. వెనక లైన్లో విసుక్కుంటున్నారు. గడ్డపార పట్టి, ముళ్లకంప కొట్టి, మట్టి పిసికి అరిగిపోయిన వేళ్లు అవి. ఏ కష్టం చేయమని అందరూ చెబుతారో ఆ కష్టమే చేసిన చేతికి ఆ నెల బియ్యం అందలేదు. ఆధార్ సెంటర్లో వేలిముద్రలు మళ్లీ తీయించాక గానీ సరికాలేదు. 65 దాటినవాళ్లకు 2025 జూన్ నుంచి ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, అది మంచి పని.

ఆ ప్లాటు ఇప్పుడు లేదు. ఓనర్లు వచ్చి చదును చేయించి ఇల్లు కట్టుకున్నారు, వాళ్ల స్థలం వాళ్లిష్టం. నాకు కోపం ఉన్నది మా పాత ఇంటి ఓనరు మీద. మిద్దెమీద నాలుగు తొట్లు పెట్టుకుంటామంటే స్లాబు కారుతుందని ఒప్పుకోలేదు. ఆయన నీళ్ల ట్యాంకు, దానికంటే ఎంతో బరువైనది, ఆ స్లాబు మీదే ఉంది. తిరుపతిలో అద్దెకుండే వేలాది కుటుంబాలది ఇదే పరిస్థితి. యూట్యూబ్‌లో మిద్దెతోటలు చూపించేవాళ్లందరికీ సొంత మిద్దెలున్నాయి. వేలు పోసి గ్రో బ్యాగులు, కోకోపీట్ కొంటారు. మాకు పాత పెయింటు బకెట్లు, పళ్ల షాపులవాళ్లు పారేసే థర్మోకోల్ డబ్బాలు చాలు. అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టిలో మూడోవంతు మాగిన పేడ కలిపితే ఆకుకూరలు బ్రహ్మాండంగా వస్తాయి. పచ్చి పేడ వేస్తే మాత్రం వేర్లు కాలిపోతాయి.

ఇప్పుడుంటున్న ఇంటి ఓనరమ్మ మంచిది, మిద్దె వాడుకోనిచ్చింది. మీకు సొంత ఇల్లు ఉండి, కింద ఎవరైనా అద్దెకు ఉంటే, బియ్యం గురించి వాదించే ముందు వాళ్లకు మిద్దె తాళం ఇవ్వండి. విత్తనాలు కావాలంటే మా అత్త సొరబుర్రలో ఎప్పుడూ ఉంటాయి. అనప మాత్రం ఆషాఢంలోనే వేయాలి, తీగ పాకడానికి కంప నాటాలి. సంక్రాంతికి కాయ ముదురుతుంది. గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే తోలు పితికితే పితికిపప్పు. సంగటిలోకి అదే పెడతాం.