గద్దలు తగ్గాయని ఎలా తేల్చుకోవాలి?

అమ్మలూ, ఆశీస్సులు.

పొలం మీద గద్దలు తగ్గినట్టు అనిపిస్తోందని రాశావు. తగ్గే ఉండొచ్చు. కానీ అనిపించిందంటే ఎవరూ పట్టించుకోరు, నీకైనా రెండేళ్ల తర్వాత గట్టిగా గుర్తుండదు. ఒక నోటుబుక్కు పెట్టుకో.

నడిచే దారి ఎప్పుడూ ఒకటే ఉండాలి, టైము కూడా. గద్దలు ఎండెక్కాక, నేల నుంచి లేచే వేడిగాలి మీద చక్కర్లు కొడతాయి. ఒక వారం ఆరింటికి, ఇంకో వారం పదింటికి వెళ్లావనుకో, లెక్కలో వచ్చే తేడా నీ టైము తెచ్చిందే. వారానికి ఒక గంట చాలు. మబ్బు పట్టిందా, గాలి ఉందా, పక్కన కోతలు జరుగుతున్నాయా అన్నది కూడా రాయి. ట్రాక్టరు దున్నుతుంటే బయటపడే ఎలుకల కోసం ఎక్కడెక్కడి గద్దలో వచ్చి వాలతాయి, ఆ రోజు లెక్క చూసి సంబరపడకు. ఒకే గద్ద నాలుగుసార్లు తిరిగి రావచ్చు కాబట్టి, ఆకాశంలో ఒకేసారి కనబడినవి ఎక్కువలో ఎక్కువ ఎన్నో అదే వేసుకో.

ఏమీ కనబడని రోజు సున్నా వెయ్యి. చాలామంది పుస్తకాలు చెడేది ఇక్కడే. కనబడిన రోజే రాస్తారు, తీరా చూస్తే పుస్తకం నిండా గద్దలే!

పొలాల మీద తక్కువ ఎత్తులో తేలుతూ పోయే పిల్లిగద్దలు చలికాలపు వలస పక్షులు. వేసవిలో లేవని టెన్షన్ పడకు. జనవరిని పోయిన జనవరితోనే పోల్చాలి. ఎలుకలు తక్కువైన ఏడాది గద్దలూ తగ్గుతాయి కాబట్టి, మూడు నాలుగేళ్ల లెక్క చేతిలో ఉంటేనే మాట్లాడు.

రాబందుల సంగతి తేలింది కూడా ఇలాగే. మన దేశంలో 1990ల మొదట్లో ఏ రోడ్ల వెంట లెక్కపెట్టారో, తర్వాత మళ్లీ అవే రోడ్ల వెంట లెక్కపెట్టారు. 2007 నాటికి తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయని అలా తెలిసింది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు దీనికి కారణమని 2004లో బయటపడింది, 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. పాత లెక్కే లేకపోతే దేనితో పోల్చేవాళ్లు?

అయితే తలలు లెక్కపెడితే సరిపోదు, పిల్లల్ని చూడు. గద్దలు చాలా ఏళ్లు బతుకుతాయి. గూళ్లలో పిల్లలు దక్కకపోయినా పెద్దవి తిరుగుతూనే ఉంటాయి, నీ లెక్కలో కొన్నేళ్లపాటు తేడా తెలియదు. డీడీటీ అనే పురుగుమందు వాడిన రోజుల్లో గుడ్ల పెంకులు పలచబడి, పొదుగుతుంటేనే పగిలిపోయేవి. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త పాత కాలంలో సేకరించి దాచిన గుడ్లతో పోల్చి, 1967లో ఈ సంగతి బయటపెట్టాడు.

పిల్లను గుర్తుపట్టడం కష్టమేం కాదు. జాలె డేగ పెద్దదైతే రొమ్ము మీద సన్నని అడ్డచారలుంటాయి, కన్ను ఎర్రగా ఉంటుంది. పిల్లకు నిలువుగా గోధుమరంగు మరకలు, పసుపు కన్ను. గరుడ పక్షి పిల్లకు తెల్లతల ఇంకా రాదు, ఒళ్లంతా గోధుమరంగే. దాన్ని మామూలు గద్ద అనుకుని రాసేస్తుంటారు. తోక చూడు: గుండ్రంగా ఉంటే గరుడ, మధ్యలో నొక్కు ఉంటే మామూలు గద్ద.

చుట్టుపక్కల ఎలుకల మందు ఎప్పుడు పెట్టారో కూడా తేదీతో రాసుకో. కొన్ని మందులు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. గద్దకూ గుడ్లగూబకూ సులువుగా దొరికేది అదే, ఆ విషం వాటి ఒంట్లోకి చేరుతుంది.

చచ్చిన పక్షి కనబడితే ఒట్టి చేత్తో ముట్టుకోకు. ఫోటో తీసి, దగ్గరలో కరెంటు తీగలున్నాయా, చచ్చిన ఎలుకలున్నాయా చూసి రాసుకుని, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చెయ్యి. గూడు ఫోటోలు మాత్రం ఎక్కడా పెట్టకు, ఎవరికైనా పంపాల్సి వస్తే లొకేషన్ తీసేసి పంపు.

ఇట్లు,
పెదనాన్న