షుగరు వస్తే కంటిలోని రక్షక ప్రొటీన్లు ఎందుకు చాలవు?
కంటిలో యాంటీఆక్సిడెంట్ ప్రొటీన్లు సహజంగానే ఉన్నా, మధుమేహంలో రెటీనా (కంటి వెనుక వెలుగును గ్రహించే పొర) ఎందుకు దెబ్బతింటుందని అడిగారు.

రెటీనా ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకుంటుంది. అక్కడ పుట్టే, కణాలకు హాని చేసే సూపర్ఆక్సైడ్‌ను ఎస్‌ఓడీ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని పెరాక్సిరెడాక్సిన్ వంటి రక్షక ప్రొటీన్లు నీరుగా మారుస్తాయి. ఒకసారి పనిచేసిన పెరాక్సిరెడాక్సిన్ మళ్లీ సిద్ధం కావాలంటే థయోరెడాక్సిన్ అనే ఇంకో ప్రొటీను సాయం కావాలి. చిక్కంతా ఇక్కడే. గ్లూకోజు పెరిగితే కణాల్లో టీఎక్స్‌నిప్ అనే మరో ప్రొటీను ఎక్కువై, థయోరెడాక్సిన్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. పైగా ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ను రెచ్చగొట్టి ఇన్‌ఫ్లమేషన్ (వాపు) పెంచుతుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతినడానికి ఇదొక కారణం.

ప్రకటనలు ఏం చెప్పినా, యాంటీఆక్సిడెంట్ మాత్రలు దీనికి విరుగుడు కావు. గ్లూకోజు, రక్తపోటు అదుపులో ఉండాలి. టైప్ 2 అయితే, చూపు బాగున్నా సరే, నిర్ధారణ కాగానే కంట్లో కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి.