బులెట్టు వేడెక్కుతోందన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వడిగింది ఫోన్లో తేలే విషయం కాదు. చేతికి గ్రీజు అంటుకున్నాక నేను చెప్పిన మాట ఒక్కటీ నీకు గుర్తుండదు. కాగితమైతే పక్కన పెట్టుకుని చూసుకుంటావని రాస్తున్నాను.

మోకాళ్ళు అరిగి కిక్కు కొట్టలేక మీ నాన్న తన 1994 మోడల్ బులెట్టు నీకిచ్చేశాడని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ బండి చేతికొచ్చి నెల తిరక్కముందే ఏ సైలెన్సర్ బాగుంటుంది, కార్బొరేటర్ పెద్దది వేయొచ్చా అంటున్నావు. అదే నోటితో, అమీర్‌పేట సిగ్నళ్ళు రెండు దాటేసరికి వేడెక్కి ఆగిపోతోందనీ అంటున్నావు. జ్వరంతో ఉన్నవాడికి కొత్త చొక్కా కొలతలు తీస్తారటరా? ముందు జ్వరం సంగతి చూడు.

ముప్ఫై రెండేళ్ళు ఆర్టీసీ గ్యారేజీలో బస్సుల కింద పడుకున్నవాణ్ణి. బస్సుకి రేడియేటరుంది, ఫ్యానుంది, నీళ్ళు మరిగితే చూపించే మీటరుంది. నీ బండికి అవేవీ లేవు. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ ఆడే దూరం), 346 సీసీ ఇంజిను. పైన హెడ్డు అల్యూమినియం, కింద బోరు, అంటే సిలిండర్, పోత ఇనుము. ఇనుము వేడిని త్వరగా వదలదు. ఆ వేడిని మోసుకుపోయేవి ఇంజిన్ చుట్టూ రెక్కల్లా ఉండే ఫిన్స్‌కి తగిలే గాలి, లోపల తిరిగే ఆయిలు, అంతే. బండి నిలబడితే గాలి లేదు. అలాగని సిగ్నల్లో ప్రతి బులెట్టూ ఆగిపోదు. మీ నాన్న ఇదే బండి మీద మే నెలలో బెజవాడ వన్‌టౌన్ సందుల్లో తిరిగాడు. ఎప్పుడూ ఆగలేదు. కాబట్టి ఏదో సెట్టింగు తప్పింది.

ముందు డబ్బు ఖర్చు కానివి చూడు. ఫిన్స్ మధ్య మట్టి, ఆయిలు కలిసి పేరుకున్న జిడ్డు ఉంటుంది. కిరసనాయిలో డీజిలో పెట్టి పాత టూత్ బ్రష్‌తో గీకెయ్. మెరుస్తుందని ఫిన్స్ మీద మందంగా పెయింటు మాత్రం వేయకు. తర్వాత రెండు కిలోమీటర్లు నడిపి, న్యూట్రల్లో పెట్టి చేత్తో తోసి చూడు. సులువుగా దొర్లాలి. బరువుగా ఉంటే బ్రేకు పట్టేస్తోందన్నమాట, లేదా చైను మరీ బిగిసి ఉంది. చక్రం తిప్పుతూ చైను బాగా బిగుతుగా ఉన్న చోట చూసుకో. అక్కడ కూడా అంగుళం దాకా ఆడాలి.

ఇవి సరిగ్గా ఉంటే నా అనుమానం పాయింట్ల మీద, అంటే విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో మంట పుట్టించే చిన్న స్విచ్ మీద. బులెట్టు వేడెక్కిందంటే చాలామంది ఆయిలు మార్చేస్తారు, టైమింగు (ఆ మంట ఎప్పుడు పడుతోందన్నది) చూడరు. పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. సందులు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజి కొనుక్కో, కంటితో కొలవకు. గ్యాపు మారితే టైమింగు కూడా మారుతుంది, అందుకే ముందు గ్యాపు, ఆ తర్వాతే టైమింగు. పిస్టన్ పై కొసకి చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడిపోవాలి. అడ్వాన్స్ వెయిట్లు (వాటి సంగతి కింద చెబుతాను) ముడుచుకుని ఉన్నప్పటి లెక్క ఇది. ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పుల్ల పెట్టి కొలిస్తే కొంచెం తప్పు వస్తుంది. మొదటిసారి తెలిసిన మెకానిక్ పక్కన కూర్చుని చేయించుకో, రెండోసారి నీకే వస్తుంది. పాయింట్లు ఎప్పుడు విడిపోయాయో తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కర్లేదు. స్విచ్ వేసి ఇంజిన్ని మెల్లగా తిప్పుతుంటే అమ్మీటర్ ముల్లు మైనస్ నుంచి మధ్యకి ఎగురుతుంది చూడు, అదే ఆ క్షణం.

పాయింట్ల ప్లేటు కింద రెండు చిన్న వెయిట్లు, స్ప్రింగులు ఉంటాయి. బండి స్పీడందుకుంటుంటే అవి విచ్చుకుని టైమింగు ముందుకు జరుపుతాయి. ఏళ్ళ తరబడి ఎవరూ ప్లేటు ఎత్తి చూడరు, అవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ముడుచుకున్న చోటే బిగుసుకుంటే బండికి పికప్ ఉండదు, హెడ్డు కాలిపోతుంది. విచ్చుకున్న చోట బిగుసుకుంటే కిక్కు వెనక్కి తంతుంది. ఆ తన్ను నీ మడమకి తెలుస్తుంది. శుభ్రం చేసి, రెండంటే రెండు చుక్కల ఆయిలు వెయ్. ఎక్కువ వేస్తే పాయింట్ల మీదకి చిమ్మి మిస్సింగ్ మొదలవుతుంది.

ఇంకొకటి. వేడెక్కితే ఆగి, పావుగంట చల్లబడితే మళ్ళీ స్టార్టవుతోందన్నావు. అది ఇంజిన్ వేడి కాకపోవచ్చు, పాయింట్లకి తోడుండే చిన్న కరెంటు సామాను కండెన్సర్ కావచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడికి చచ్చిపోవడం దానికి అలవాటు. చవక సామాను, ఇంకోటి కొని మార్చి చూడు. మార్చినా తేడా లేకపోతే పాతదే పెట్టెయ్, కొత్తది టూల్ బాక్సులో పడుంటుంది.

కిక్కు సంగతి మీ నాన్న చెప్పే ఉంటాడు, అయినా చెబుతాను. బలంతో కొట్టేది కాదది. అమ్మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా మెల్లగా తొక్కు, అక్కడ సిలిండర్లో బిగిసిన గాలిని వదిలే డీకంప్రెసర్ లివర్ పట్టుకుని కిక్ రాడ్‌ని ఇంకొంచెం దింపు, లివర్ వదిలెయ్, రాడ్‌ని పైకి రానిచ్చి అప్పుడు పూర్తిగా కొట్టు. చెప్పులేసుకుని కొట్టావంటే మీ అత్తయ్య చేత తిట్టిస్తాను.

వాల్వుల్ని తెరిచే టాపెట్లు తెల్లవారే చూసుకోవాలి, రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మీద. మెయిన్ స్టాండు వేసి, ప్లగ్గు విప్పి, టాప్ గేర్లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెడితే గాలి తోసుకొచ్చేది కంప్రెషన్. అక్కడ పిస్టన్ పైకి వచ్చాక ఆపు. కుడి వైపు బోరు కింద చిన్న మూత ఉంటుంది, అది తీస్తే పుష్ రాడ్లు కనిపిస్తాయి. రెండు వేళ్ళతో తిప్పితే తిరగాలి, కానీ పైకీ కిందికీ కదలకూడదు. ఈ బండికి గ్యాపు సున్నా. టాపెట్ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని వాల్వు తన వేడిని హెడ్డుకి ఇవ్వలేక అంచు కాలిపోతుంది. టిక్కుటిక్కుమని చప్పుడు వస్తే మనవాళ్ళు కంగారుపడి బిగించేస్తారు. నన్నడిగితే కొంచెం చప్పుడు చేసే టాపెట్టే నయం. లాక్ నట్టు బిగించేటప్పుడు సెట్టింగు జరుగుతుంది, బిగించాక మళ్ళీ తిప్పి చూసుకో. పానాలు సరిగ్గా కూర్చునేవి వాడు. పాత బులెట్టులో ఇంగ్లీషు కొలత నట్లు, మిల్లీమీటర్ నట్లు కలిసి ఉంటాయి. దగ్గర సైజు పానాతో బలం పెడితే నట్టు మూలలు గుండ్రమవుతాయి.

ఆయిలు దగ్గర కొత్తవాళ్ళందరూ ఒకే తప్పు చేస్తారు. బండి పది రోజులు కదలకపోతే ఆయిలు ట్యాంకులోంచి మెల్లగా ఇంజిన్ అడుగునుండే సంప్‌లోకి దిగిపోతుంది. పుల్ల తీసి చూస్తే ఆయిలు లేనట్టే ఉంటుంది. పాపం అని అర లీటరు పోస్తారు. స్టార్ట్ చేశాక పంపు కిందిదంతా పైకి తోస్తుంది, ఎక్కువైంది ఇంజిన్ ఊపిరి వదిలే బ్రీదర్ గొట్టంలోంచి బయటికి కక్కుతుంది. ఇంజిన్ పోయింది, రింగులు వేయాలని ఎవడో ఒకడు చెబుతాడు. ఐదు నిమిషాలు నడిపి, ఆపి, అప్పుడు లెవెల్ చూడు. 20డబ్ల్యూ-50 ఆయిలు చాలు, ఖరీదైన సింథటిక్ దండగ. నేనైతే రెండున్నర వేల కిలోమీటర్లకి మార్చేవాణ్ణి, దాంతోపాటే ఫిల్టర్. డ్రెయిన్ నట్టు బిగించేటప్పుడు పానా పొడుగ్గా పట్టుకోకు. అక్కడిది అల్యూమినియం మర, ఒక్కసారి తెగితే వెల్డింగు షాపుకి వెళ్ళాల్సిందే. కొత్త ఆయిలు పోశాక స్విచ్ వేయకుండా పది పదిహేను కిక్కులు కొట్టు. తర్వాత స్టార్ట్ చేసి, హెడ్డుకి వెళ్ళే సన్న ఆయిల్ పైపు బోల్టు కొంచెం వదులు చెయ్. ఆయిలు ఊరిందంటే పైదాకా చేరుతున్నట్టే, మళ్ళీ బిగించు. ఊరకపోతే వెంటనే ఆపెయ్.

ఇప్పుడు కార్బొరేటర్. నీ బండిది మిక్‌కార్బ్ వీఎం24. ఇంజిన్‌కి అది సరిపోతుంది, పెద్దది అక్కర్లేదు. అయితే మీ నాన్న కాలానికీ నీ కాలానికీ తేడా పెట్రోల్లో ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసే దాంట్లో ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పెట్రోలు వదిలే పాత జెట్టు మీద గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. పలచబడితే వేడి. బండిని ఓ పది కిలోమీటర్లు ఒకే స్పీడులో నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, పక్కకి తీసి, చల్లబడ్డాక ప్లగ్గు విప్పి చూడు. బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు. అప్పుడు నీడిల్ క్లిప్పుని ఒక గాడి కిందికి జరుపు, నీడిల్ లేచి పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. ఒక్క గాడే. మసిలా నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో ముందు చూడు. స్లో సెట్టింగుకి ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్టు విప్పి మొదలుపెట్టు. అది గాలి స్క్రూ అని మర్చిపోకు, లోపలికి తిప్పితే గాలి తగ్గుతుంది. పెట్రోలు పైపు రబ్బరు గట్టిపడినా, ఉబ్బినా మార్చెయ్. బండి నెలరోజులు కదలదనుకుంటే ట్యాప్ కట్టేసి, కార్బొరేటర్లో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపు. ఇది మూసిన గదిలో చేయకు, పొగ ప్రాణం తీస్తుంది.

ఇక నీ అసలు కోరిక. నీ వయసులో నేనూ చేశాను. 1996లో ఎవరో చెప్పారని నా బండికి లోపల ఏమీలేని గొట్టం సైలెన్సర్ బిగించాను, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి పారేశాను, రెండూ ఒకే ఆదివారం. బండి గర్జించింది. ఆ మే నెలలోనే మీ నాన్నని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం బయల్దేరాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే పికప్ తగ్గింది. నేను ఇంకా రేజ్ చేశాను. కీచుమని వెనక చక్రం జామైంది. క్లచ్ పట్టాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. గంటసేపు చెట్టుకింద కూర్చుంటే చల్లబడి పిస్టన్ వదిలింది. ఆ గంటా మీ నాన్న నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక విప్పితే పిస్టన్ నిలువునా గీసుకుపోయి ఉంది. బోరు తిప్పించి, అసలుదానికన్నా కాస్త పెద్దదైన ఇరవై ఓవర్ సైజు పిస్టన్ వేయించాల్సొచ్చింది. గాలి పెంచి పెట్రోలు పెంచకపోవడమే తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం తప్పు గొట్టానిదా, ఫిల్టర్దా, టైమింగుదా అని నెలరోజులు తల పట్టుకున్నాను. కారణం ఒకటే, రెండు మార్పులు ఒకే రోజు చేశాను. నువ్వు ఏం మార్చినా ఒక్కటే మార్చు, రెండు వందల కిలోమీటర్లు నడుపు, ప్లగ్గు చూడు, నోట్‌బుక్కులో రాసుకో. తీసిన పాత సామాను అమ్మెయ్యకు.

సైలెన్సర్ ఒద్దనడానికి ఇంకో కారణం చట్టం. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పోలీసులు సైలెన్సర్లు ఊడదీసి రోడ్ రోలర్ కింద తొక్కించడం నువ్వూ టీవీలో చూసే ఉంటావు. పైగా పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, అక్కడ బండిని చూపించాలి. రంగు మార్చాలనుకుంటే ఆర్సీలో కూడా మార్పించుకో.

మార్చదగ్గవీ ఉన్నాయి. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. బ్యాటరీ నీరసంగా ఉంటే కొన్ని కిట్లు మంట ఇవ్వవు కాబట్టి, పాత పాయింట్ల ప్లేటు దూరప్రయాణాల్లో వెంట ఉంచుకో. ముందు బ్రేకుకి తర్వాతి బులెట్టులో వచ్చిన, ఇంకా గట్టిగా పట్టే ట్విన్ లీడింగ్ షూ ప్లేటు దొరికితే వేయించు. పికప్ పెంచడం కన్నా అది ముఖ్యం. అదనపు లైట్లు పెడితే రాత్రి సిగ్నల్ దగ్గర అమ్మీటర్ చూడు. ముల్లు మైనస్‌లోనే కూర్చుంటే బ్యాటరీని తాగేస్తున్నట్టు, ఒకటి పీకెయ్. సీటు, హ్యాండిలు నీ నడుముకి తగ్గట్టు చూసుకో, అందులో నా సలహా ఏమీ లేదు. గేరు కుడికాలు, బ్రేకు ఎడమకాలు అని మాత్రం నీ స్నేహితులకి బండి ఇచ్చే ముందు రెండుసార్లు చెప్పు.

ఈ ఆదివారం పొద్దున ముందు పాయింట్ల ప్లేటు ఎత్తి ఆ వెయిట్లు వేలితో కదిలించి చూడు. ఆ తర్వాత ప్లగ్గు. రెండూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు, ఎండలో తియ్, ట్యూబ్‌లైటు కింద తీస్తే ప్లగ్గు రంగు తెలియదు. కండెన్సర్ కొనే పని మాత్రం శనివారమే పెట్టుకో.

ఇట్లు
మీ మామయ్య