పాత ఇనుములో కత్తికి పనికివచ్చేది ఏది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఇటీవలే ఉద్యోగ విరమణ చేశాను. వంటింటి కత్తులు సొంతంగా చేసుకోవాలని కోరిక. కొత్త ఉక్కు పట్టీలు తెప్పించుకునే కన్నా పాత ఆకురాళ్లు (ఫైళ్లు), రంపపు బ్లేడ్లు, లారీ కమాను పట్టీలు తూకానికి కొంటే చవకని మిత్రులు అంటున్నారు. స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్లో ఉక్కుకు కొదవేమిటని వారి వాదన. వీటిలో ఏవి తీసుకోవాలి, ఏవి వదిలివేయాలి? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ మిత్రుల మాటలో సగమే నిజం. మన విశాఖ స్టీల్ ప్లాంటు ప్రధానంగా తయారు చేసేది నిర్మాణాలకు వాడే కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్లు, చానెళ్లు. ఇల్లు కట్టేచోట మిగిలిపోయిన టీఎంటీ కడ్డీ ముక్కలో కార్బన్ సుమారు 0.3 శాతానికి మించదు. దానిని ఎంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచినా అంచు నిలిచేంతగా గట్టిపడదు. కత్తికి కనీసం 0.5 శాతం, పలుచని వంటింటి కత్తికైతే 0.8 నుంచి 1 శాతం దాకా కార్బన్ ఉండాలి. అందుచేత పాత ఇనుప సామాన్ల కొట్టులో ఏ వస్తువు చేతికి వచ్చినా, అది ఇంతకుముందు ఏ పని చేసిందో ముందుగా తెలుసుకోండి. ఇతర లోహాన్ని గీసిందా, కోసిందా, లేక బరువు మోస్తూ వంగి మళ్లీ యథాస్థితికి వచ్చిందా? ఈ మూడింటిలో ఏదీ చేయని ఇనుము కత్తికి పనికిరావడం అరుదు.

ఆ లెక్కన మొదటి స్థానం ఆకురాయిదే. ఉక్కును గీయడానికే పుట్టిన పనిముట్టు గనుక పేరున్న కంపెనీల ఆకురాళ్లలో కార్బన్ 1 శాతం లేదా అంతకు కొంచెం పైగా ఉంటుంది. మీకు దగ్గరలోనే ఉన్న ఆటోనగర్‌లో లేత్ షాపుల వారిని, మెకానిక్ షెడ్ల వారిని పళ్లు అరిగిన ఆకురాళ్ల కోసం అడగండి. తూకం కొట్టుకు చేరకముందే అడగడం మేలు, ఎందుకంటే వాడినవారు అది ఏ కంపెనీదో, ఎన్నాళ్లు నిలిచిందో చెప్పగలరు. కొట్టులో గుట్టగా పడిన తరువాత ఆ సమాచారం ఎవరి దగ్గరా ఉండదు. పళ్లు ఇంకా పదునుగా ఉన్న ఆకురాయి దొరికితే మాత్రం దానిని కత్తి చేయకండి. కత్తి చేయడానికి మీకు ముందుగా కావలసింది అదే.

చవక రకం ఆకురాళ్లలో కొన్నింటికి పైపొర మాత్రమే గట్టిగా ఉండి, లోపల మెత్తని ఇనుము ఉంటుంది. ఈ తేడాను రెండు విధాలుగా పట్టుకోవచ్చు. గ్రైండరుకు తాకించినప్పుడు కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కు నుంచి వచ్చే రవ్వలు చక్రానికి దగ్గరలోనే పగిలి, కొమ్మలు కొమ్మలుగా చీలి, గుత్తులుగా విచ్చుకుంటాయి; మెత్తని ఇనుము రవ్వలు పొడవైన గీతలుగా సాగిపోతాయి, చీలికలు చాలా తక్కువ. పైపొర సంగతి తేలాలంటే కొంత లోపలికి అరగదీసి చూడాలి. రెండవ పరీక్ష ఇంకా నమ్మదగినది. కొసన చిన్న ముక్క కోసి, అయస్కాంతం అంటుకోనంత వేడికి, అంటే సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటేంత వరకు కాల్చి, నీటిలో ముంచండి. చల్లారిన ముక్కపై మంచి ఆకురాయితో గీస్తే గీత పడకుండా జారిపోవాలి. తరువాత ముక్కను వైసులో బిగించి, గుడ్డ చుట్టి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో విరిచి చూడండి. విరిగినచోట బూడిద రంగులో సన్నని, నునుపైన రేణువు కనిపిస్తే ఉక్కు మంచిది, వేడి కూడా సరిపోయింది. పంచదార పలుకుల్లా మెరుస్తుంటే వేడి మించిపోయిందని గ్రహించి, మరో ముక్కతో మళ్లీ చూడాలి.

పరీక్ష నెగ్గిన ఆకురాయిని ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలితే మెత్తబడుతుంది. అప్పుడు రంపానికి, డ్రిల్లుకు లొంగుతుంది. సుత్తి దెబ్బ వేసేముందు పళ్లన్నీ పూర్తిగా అరగదీయాలి. తొందరపడి పళ్లతోనే సాగదీస్తే అవి లోపలికి మడతపడి, గట్టిపరిచేటప్పుడు పగుళ్లవుతాయి. రూపం వచ్చాక మళ్లీ కాల్చి గోరువెచ్చని నూనెలో ముంచి, వెంటనే ఇంట్లోని ఓటీజీ ఓవెనులో 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచండి. ఈ టెంపరింగ్ మానేస్తే కత్తి కింద పడినప్పుడు గాజులా విరుగుతుంది.

లారీ కమాను పట్టీలో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం; సిలికాన్, మాంగనీస్ కలిసిన మొండి ఉక్కు. కొబ్బరిబోండాల కత్తికి, కత్తిపీటకు దానిని మించినది లేదు కాని, పలుచని కూరగాయల కత్తికి అంత మందం పట్టీని అరగదీయడం వృథా శ్రమ. పైగా ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు. కమాన్లు కట్టే షెడ్లలో కొత్త పట్టీలను కోయగా మిగిలిన ముక్కలుంటే అడగండి, ధర కొంచెం ఎక్కువైనా అవే తీసుకోండి.

రంపపు బ్లేడ్ల విషయంలో జాగ్రత్త అవసరం. వడ్రంగులు వాడిన పాత చేతిరంపం రేకు పలుచని కత్తికి చక్కగా సరిపోతుంది. ఇనుము కోసే మిషన్ హ్యాక్సా బ్లేడ్లు చాలావరకు హైస్పీడ్ స్టీలు (వేడెక్కినా గట్టిదనం పోని ఉక్కు); దానిని గట్టిపరచడానికి దాదాపు 1200 డిగ్రీల వేడి కావాలి గనుక ఇంటి కొలిమిలో పెట్టవద్దు, ఉన్న గట్టిదనాన్ని అలాగే ఉంచి గ్రైండరుతో మాత్రమే రూపం తీయాలి. వాటిలోనూ కొన్నింటికి పళ్ల అంచు మాత్రమే హైస్పీడ్ స్టీలు, మిగతా రేకు వేరే ఉక్కు. కార్బైడ్ పళ్లు అతికించిన గుండ్రటి బ్లేళ్లను నేనైతే ముట్టుకోను.

ప్రశ్న: దాగలి (కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ) కొత్తది కొనలేను. రైలు పట్టా ముక్క దొరికితే సరిపోతుందా? పాత వైసు, గ్రైండరు కొనేటప్పుడు ఏమి చూడాలి? – ఒక పాఠకురాలు, మర్రిపాలెం

జవాబు: పట్టా ఉక్కు దాగలికి మంచిదే కాని, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. రసీదు చూపలేని వ్యాపారి దగ్గర పట్టా ముక్క తీసుకోకండి. సక్రమంగా దొరికితే దానిని పడుకోబెట్టకుండా నిలువుగా నిలబెట్టి మొద్దులో బిగించండి, సుత్తి దెబ్బ కింద లోహమంతా ఒకే వరుసలో ఉంటుంది. అది దొరకకపోయినా చింత లేదు. పాత ఫోర్క్‌లిఫ్టు కొమ్ము ముక్క గాని, లావుపాటి షాఫ్టు ముక్క గాని అంతే పని చేస్తుంది.

వైసు కొనేటప్పుడు దవడలు పూర్తిగా విప్పించి మరచుట్లు చూడండి. మర అరిగితే పిడి తిప్పినా దవడ కొంతసేపు కదలదు. పోత ఇనుము వైసుకు వెల్డింగు అతుకు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. పాత బెంచి గ్రైండరు మోటారు బాగుంటే కొనవచ్చు, కాని దానితో వచ్చిన చక్రాన్ని నమ్మవద్దు. చక్రాన్ని ఊడదీసి వేలికి తగిలించి స్క్రూడ్రైవరు చెక్క పిడితో తట్టితే ఖంగుమనాలి. మొద్దుబారిన శబ్దం వస్తే పగులున్నట్టే. అనుమానం ఉంటే మోటారు వేగానికి తగిన కొత్త చక్రం వేసుకోండి, అందులో పొదుపు చూడకండి.

ప్రశ్న: ఇంట్లో పాత క్రోమియం పూత స్పానర్లు, జింకు పూత గొట్టాలు ఉన్నాయి. వీటితో కత్తులు చేయవచ్చా? – ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: వద్దు. జింకు పూతను కాల్చినప్పుడు వచ్చే తెల్లని పొగ పీలిస్తే కొన్ని గంటల్లోనే చలి, జ్వరం పట్టుకుంటాయి. క్రోమియం పూతను కాల్చడం అంతకన్నా ప్రమాదకరం. గొట్టాల ఇనుములో కార్బన్ ఎలాగూ చాలదు. స్పానర్ల ఉక్కు మంచిదే అయినా పలుచని అంచు నిలిపేందుకు చేసినది కాదు. వాటిని స్పానర్లుగానే వాడుకోండి. మీ ఊరి ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనె రాస్తే చాలు.